సెర్రలుంగా కొండవాలున రెండు గ్లాసుల బరోలో

బరోలో అనే ఎర్ర వైన్ రుచి చూడటానికి అక్టోబరు రెండో వారంలో ఒక ఉదయం ఆల్బా పట్టణం నుంచి సెర్రలుంగా దాల్బా గ్రామానికి బయలుదేరాను. వాయవ్య ఇటలీలోని ఈ లాంగే కొండలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోయంతా పొగమంచు నిండి, 14వ శతాబ్దపు కోట ఒక్కటే పైకి కనిపిస్తోంది. ఇటాలియన్‌లో పొగమంచును 'నెబ్బియా' అంటారు. బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్షకు ఆ పేరు దాని నుంచే వచ్చిందని చాలామంది నమ్మకం.

నేను వెళ్లిన తోట నైరుతి వైపు వాలిన నేలలో ఉంది. నెబ్బియోలో త్వరగా చిగురించి చాలా ఆలస్యంగా పండుతుంది కనుక ఎండ బాగా తగిలే వాలు దానికి తప్పనిసరి. పూర్తిగా ఉత్తరానికి తిరిగిన వాలులో పండిన ద్రాక్షతో బరోలో చేయడానికి నిబంధనలే ఒప్పుకోవు. సున్నం ఎక్కువగా ఉన్న ఆ లేతరంగు మట్టిని యజమానురాలు పిడికిట్లోకి తీసుకొని చూపించారు. పశ్చిమాన లా మొర్రా వైపు వైన్లు త్వరగా మెత్తబడతాయని, సెర్రలుంగా వైన్లు మాత్రం చాలా ఏళ్లు బిగిసి ఉంటాయని పేరు.

కింది గదిలో పెద్ద పెద్ద ఓక్ పీపాలు వరుసగా ఉన్నాయి. బరోలో అమ్మకానికి రావాలంటే కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కొయ్య పీపాలో నిలవ ఉండాలి. ఆ గడువు అమ్మడానికే గాని తాగడానికి సరిపోదని ఆమె 2016 పంటతో చేసిన వైన్ పోసినప్పుడు అర్థమైంది. రంగు పలచని కెంపు. అంత లేత రంగు చూసి తేలికపాటి వైన్ అనుకునేవారు మొదటి గుక్కకే తమ అభిప్రాయం మార్చుకుంటారు. గులాబీ, చెర్రీ, వెనుక సన్నగా తారు వాసన, ఆ తరువాత చిగుళ్లను పట్టేసే టానిన్. దానికి తెలుగులో ఒగరు అనే మాట ఎంత చక్కగా అమరుతుందో అక్కడే తోచింది.

ఉదయమే సీసా నుంచి జాడీలోకి వంచిన 2006 వైన్ అంచున ఇటుక రంగు తిరిగింది. ఎండుటాకులు, పుట్టగొడుగుల వాసనలు ముందు వచ్చాయి. ఒగరు ఇంకా గట్టిగానే ఉంది, పండు రుచి మాత్రం కొద్దిగా ఎండిపోయింది. గొప్ప వైనే, అయితే దాని ఉత్తమ దశ దాటడం మొదలైందని నా అంచనా. నిలవ ఉండే శక్తిని ఒగరును బట్టే కొలవడం పొరపాటని నాకు తెలియజెప్పింది ఈ గ్లాసే. ఒగరు మెత్తబడే నాటికి పులుపూ పండూ మిగిలి ఉంటేనే ఎదురుచూపుకు ఫలితం దక్కుతుంది.

అందుకే 2016 గ్లాసును రెండు గంటల పాటు ముట్టకుండా బల్ల మీదే ఉంచమని కోరాను. మళ్లీ రుచి చూసినప్పుడు ఒగరు తగ్గలేదు గాని, దాని అడుగున పండు మునుపటికంటే స్పష్టంగా, తియ్యగా పైకి లేచింది. మింగాక చాలాసేపు నోటిలో నిలిచింది. "మీరైతే ఎప్పుడు తెరుస్తారు?" అని ఆమె అడిగారు. నేను కొన్న సీసా అట్టపెట్టె మీద 2036 అని రాసి చూపించాను.