ఈయూ విస్తరణ: పట్టికలు పక్కనపెట్టి రెండు దేశాలను పట్టుకోండి

హన్మకొండ స్టడీ హాళ్లలో ఎవరి నోట్సు తీసి చూసినా ఈ టాపిక్ ఒకేలా ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో కొత్త దేశాలు చేరితే అవకాశాలు ఒకవైపు, సవాళ్లు ఇంకోవైపు. సివిల్స్ మెయిన్స్ జీఎస్-2 (జనరల్ స్టడీస్ రెండో పేపర్)లో 15 మార్కుల జవాబుకు అది చాలదు. నేను రెండు దేశాలనే పట్టుకుని చదివాను.

మొదటిది ఉత్తర మాసిడోనియా. 2005లోనే ఈయూలో చేరే అభ్యర్థి హోదా వచ్చింది. 'మాసిడోనియా' అన్న పేరు మార్చాల్సిందేనని గ్రీస్ పట్టుబట్టింది. 2018లో ఒప్పందం కుదిరి, మరుసటి ఏడాది దేశం పేరే మార్చుకున్నారు. అయినా 2019లో ఫ్రాన్స్, 2020లో చరిత్ర, భాషల పేచీతో బల్గేరియా అడ్డుపడ్డాయి. 1993 నాటి కోపెన్‌హాగన్ ప్రమాణాలు (ప్రజాస్వామ్యం, మార్కెట్ ఆర్థిక వ్యవస్థ వంటి చేరిక షరతులు) అందుకోవడం ఒక ఎత్తు, సభ్యులందరినీ ఒప్పించడం ఇంకో ఎత్తు. ఒక్క దేశం కాదంటే చాలు, మిగతా 26 దేశాలు ఒప్పుకున్నా పని జరగదు.

రెండోది పోలండ్. 2004 మే 1న చేరిన 10 దేశాల్లో పెద్దది. ఈయూ నిధులు, మార్కెట్ దాని ఆర్థిక వ్యవస్థను ఎంతో ముందుకు తెచ్చాయి. 2022లో ఉక్రెయిన్ దరఖాస్తు పెడితే గట్టిగా వెనకేసుకొచ్చిందీ పోలండే, 2023 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ ధాన్యాన్ని ఆపిందీ పోలండే. ఉక్రెయిన్ సరుకుపై ఈయూ సుంకాలు ఎత్తేశాక చౌక ధాన్యం వచ్చిపడి అక్కడి రైతులు రోడ్డెక్కారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోటెత్తిన రోజు ధర ఏమవుతుందో చూసిన మనకు వాళ్ల కోపం వేరే చెప్పక్కర్లేదు. ఈయూ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు వ్యవసాయానికే పోతుంది. ఉక్రెయిన్ అంత పెద్ద సాగు దేశం వస్తే ఎవరి వాటా తగ్గాలి? ఈ ప్రశ్న మీ జవాబులో తప్పక ఉండాలి.

హంగరీని ఒక్క పేరాలో తేల్చేయొచ్చు. ప్రజాస్వామ్య ప్రమాణాలు పాటించాలని చేరకముందు ఉండే ఒత్తిడి చేరాక ఉండదు. ఈయూ విలువలు మీరే సభ్యులపై చర్యకు వీలిచ్చే ఈయూ ఒప్పందం 7వ అధికరణ కింద 2018లో హంగరీపై చర్య మొదలైనా, దాని ఓటు హక్కును నిలిపేసే దాకా వెళ్లాలంటే మిగతా దేశాలన్నీ ఒక్క మాట మీదుండాలి.

జవాబులో మీ పక్షం స్పష్టంగా చెప్పండి. నేనైతే చేర్చుకోవడమే మేలంటాను. ఏళ్ల తరబడి గుమ్మంలో నిలబెడితే ఆ దేశాల్లో సంస్కరణలు కోరేవాళ్లే బలహీనపడతారు. 2005లో చర్చలు మొదలై ఆగిపోయిన టర్కీని ఇక్కడే రాయండి. పరిష్కారంగా, పూర్తి సభ్యత్వానికి ముందే ఉమ్మడి మార్కెట్లోకి అంచెలంచెలుగా రానిచ్చే ప్రతిపాదనను రెండు వాక్యాల్లో పెట్టండి.