సముద్ర లవణీయత: టేబుల్ పక్కన పెట్టి జతలుగా చదివాను

గ్రూప్-1కైనా సివిల్స్‌కైనా జాగ్రఫీ నోట్సులో లవణీయత దగ్గర ఒక పెద్ద టేబుల్ ఉంటుంది. ఎర్ర సముద్రం ఇంత, మధ్యధరా ఇంత, నల్ల సముద్రం ఇంత. పరీక్ష ముందు బట్టీ పడతాం, హాల్లోకి వెళ్లేసరికి ఒకదాని అంకె ఇంకోదానికి అంటుకుంటుంది. నేను ఆ టేబుల్ పక్కన పెట్టి, ప్రపంచ పటం జిరాక్స్ కాపీల మీద సముద్రాలను జతలు జతలుగా పెట్టి చదివాను. నాకైతే అదే పనికొచ్చింది.

కిలో సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలుంటాయి. దీన్నే లవణీయత 35 అంటారు, కింది అంకెలన్నీ ఈ లెక్కలోనివే. 1872-76లో చాలెంజర్ నౌక ప్రపంచమంతా తిరిగి తెచ్చిన నమూనాలను రసాయన శాస్త్రవేత్త డిట్మార్ పరీక్షిస్తే, ఎక్కడి నీళ్లలోనైనా ప్రధాన లవణాల పాళ్లు దాదాపు ఒకటేనని తేలింది. మారేదల్లా వాటిలో కలిసే మంచినీరే. కాబట్టి ఏ సముద్రాన్నైనా మూడే అడగండి: నీరు ఎంత ఆవిరవుతోంది, ఎంత వచ్చి చేరుతోంది, బయటి సముద్రంతో ఎంత కలుస్తోంది?

మొదటి జత భూమధ్యరేఖ, అయనరేఖలు. ఎండ ఎక్కువ కాబట్టి భూమధ్యరేఖ దగ్గరే లవణీయత ఎక్కువ అనే ఆప్షన్ చూడగానే పెట్టేయాలనిపిస్తుంది. కానీ అక్కడ ఆవిరయ్యేదానికన్నా కురిసేదే ఎక్కువ. 20-30 డిగ్రీల అక్షాంశాల మధ్య మబ్బు తక్కువ, గాలి పొడి. అందుకే ఉత్తర అట్లాంటిక్‌లో ఆ మేఖలలో లవణీయత 37 వరకు వెళుతుంది. ధ్రువాల వైపు బాష్పీభవనం తక్కువ, పైగా మంచు కరిగిన నీరు కలుస్తుంది. నీరు గడ్డకట్టేటప్పుడు మాత్రం ఉప్పు కిందే మిగిలిపోతుంది, ఇది మర్చిపోవద్దు.

రెండో జత మనది, నేను ఎక్కువ టైమ్ పెట్టింది కూడా దీని మీదే. అరేబియా సముద్రం, బంగాళాఖాతం ఒకే అక్షాంశాల్లో ఉన్నాయి, రెంటి మీదా రుతుపవనాలే. అయినా అరేబియా ఉత్తర భాగంలో 36 దాటుతుంది, ఉత్తర బంగాళాఖాతంలో వానల తర్వాత ఉపరితలం మీద 30 కంటే కిందికి దిగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇటే వస్తాయి. అటు సింధు, నర్మద, తపతి ఉన్నా ఆవిరయ్యేదే ఎక్కువ. దానికితోడు ఎర్ర సముద్రం, పర్షియన్ గల్ఫ్‌ల నుంచి ఉప్పు నీరు వచ్చి కలుస్తుంది. ఇంకో సంగతి: వానాకాలం ముగిశాక తీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్లి, నదుల నీటిని మన తీరం వెంట దించుకొస్తుంది. అందుకే విశాఖ దగ్గర సముద్రంలో ఏప్రిల్‌లో ఉన్న ఉప్పదనం నవంబరు మొదట్లో ఉండదు. ఆన్సర్‌లో ఈ ఒక్క వాక్యం రాస్తే దిద్దేవాళ్ల కళ్లు ఆగుతాయని నా నమ్మకం.

మూడో జత ఎర్ర సముద్రం, బాల్టిక్. రెండిటికీ దారి ఇరుకే. ఎర్ర సముద్రానికి బాబ్ ఎల్ మండెబ్, బాల్టిక్‌కు డెన్మార్క్ దగ్గరి జలసంధులు. ఫలితం మాత్రం పూర్తిగా తలకిందులు. ఎర్ర సముద్రంలోకి ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు, ఎండేమో మండిపోతుంది, ఉత్తరాన 40 దాటుతుంది. బాల్టిక్‌కు నదులు బోలెడు, చలికి ఆవిరి తక్కువ. మధ్యలో 7-8, బోత్నియా గల్ఫ్ చివర 2-3 మాత్రమే. ఇరుకు దారి వల్ల లోపల ఏది ఎక్కువైతే అదే పేరుకుపోతుంది.

2017 సివిల్స్ మెయిన్స్ జీఎస్-1 (జనరల్ స్టడీస్ మొదటి పేపర్)లో ఈ వ్యత్యాసాలకు కారణాలతో పాటు బహుముఖ ప్రభావాలు కూడా అడిగారు. కారణాలు అందరూ రాస్తారు, మార్కుల్లో తేడా వచ్చేది రెండో సగంలోనే. ఉత్తర అట్లాంటిక్‌లో చల్లబడిన ఉప్పు నీరు బరువెక్కి మునగడం, దాంతో నడిచే థర్మోహెలైన్ ప్రసరణ (ఉష్ణోగ్రత, ఉప్పదనం తేడాలతో సముద్రపు నీరు కదలడం) ఎలాగూ రాస్తారు. బంగాళాఖాతం ఉదాహరణ కూడా పెట్టండి. పైన తేలికైన మంచినీటి పొర మూతలా ఉండటంతో గాలికి కింది చల్లని నీరు అంత సులువుగా పైకి రాదు. ఉపరితలం వెచ్చగానే ఉండి తుపాన్లకు బలమిస్తుంది. పోషకాలు కూడా పైకి రావు కాబట్టి ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) అరేబియాలో కంటే తక్కువ.

ఇక ఈ జత మీరే రాసి చూడండి: కచ్ సింధుశాఖ, సుందర్‌బన్స్ తీరం. రెండూ కర్కటరేఖకు కాస్త దక్షిణంగానే ఉన్నాయి. పుస్తకం మూసి, ఆ మూడు ప్రశ్నలతోనే ఎంతవరకు వస్తుందో చూడండి.