తలకిందుల గొల్లభామ

తోలు ముక్కను డైనింగ్ టేబుల్ మీద పరచగానే మా అమ్మ తన కంచం తీసుకొని లేచి, సోఫాలోకి పోయి కూర్చుంది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమె పద్ధతి. మెట్‌పల్లి దగ్గరి మా ఊరి నుంచి ఆరు నెలలుండి పోదామని డాలస్ వచ్చింది. అప్పటికి మూడో వారం.

"అమ్మమ్మకు వాసన పడలేదా?" అంది నా కూతురు. దానికి పదమూడేళ్లు. అవునని తలూపాను. వాసన కాదని నాకు తెలుసు.

బ్యాగు కుట్టాలన్న పిచ్చి దానికి ఫోర్ట్‌వర్త్‌లో పట్టుకుంది. అక్కడి స్టాక్‌యార్డ్స్‌లో పొడుగు కొమ్ముల పశువులను రోజుకు రెండుసార్లు వీధిలో నడిపిస్తారు, చూద్దామని పోయాం. ఇది పశువులను వదిలేసి, గుర్రాల జీనులు పెట్టిన అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. తోలు సామాను అమ్మే టాండీ వాళ్లు 1919లో మొదలైంది ఆ ఊళ్లోనే. పియానో మానేసింది, ఇదన్నా చేయనీ అని తోలు, సూదులు, మైనం పట్టించిన దారం కొనిచ్చాను. ఆవు తోలన్న సంగతి ఇంట్లో ఎత్తలేదు. తోలు మందం ఇక్కడ ఔన్సుల్లో చెప్తారు. బరువేమో అనుకున్నా. ఒక ఔన్సంటే అంగుళంలో 64వ వంతట. మేం తెచ్చింది ఐదు ఔన్సులది, అంటే రెండు మిల్లీమీటర్లు.

మర్నాడు పనంతా గరాజ్‌లోకి మార్చాం.

ఈ కుట్టు మన చేతికుట్టు లాంటిది కాదు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు. ముందే పొడిచిన రంధ్రంలోంచి ఒక సూది అటు, ఇంకోటి ఇటు, రెండు చేతులా లాగి బిగించాలి. ఒకచోట పోగు తెగినా రెండోది పట్టుకొనే ఉంటుంది. మిషన్ కుట్టుకు ఆ భరోసా లేదు. కుట్టే పొడవుకు నాలుగింతల దారం కావాలి. ప్రక్కలు, అడుగు కలిపి 80 సెంటీమీటర్లు, నాలుగు మిల్లీమీటర్లకొక రంధ్రం, మొత్తం రెండు వందలు. అన్నిటికంటే కష్టమేమిటంటే, బట్టలో సూది తప్పితే తీసి మళ్లీ గుచ్చుతాం, తోలులో పడ్డ రంధ్రం పడ్డట్టే. మొదటి ప్రక్కన పదకొండో రంధ్రం వంకరగా పడింది. ఇప్పటికీ నా కన్ను అక్కడికే పోతుంది. దానికేం పట్టలేదు.

తోలు లోపలివైపు నూగు రాలి పుస్తకాలకు అంటుకుంటుంది, అందుకని అస్తరు వేయాలి. బట్ట కోసం షాపుకు పోబోతుంటే అది నా బీరువాలోంచి సిద్దిపేట గొల్లభామ చీర పట్టుకొచ్చింది. నా పెళ్లప్పుడు అమ్మ పెట్టింది. మడతల దగ్గర పిగిలిపోయింది, కట్టలేను, పారేయలేను. కత్తెర నేనే పట్టాను. మెత్తబడిన నూలు నిలవాలని వెనక బక్రం పెట్టి ఇస్త్రీ చేశాను.

ఇక్కడే తెలివి చూపించాను. అడుగున కుట్టే పని తప్పుతుందని రెండు ముక్కలకు బదులు ఒకే పొడుగు ముక్క కోసి, మధ్యకు మడిచి, ప్రక్కలు కుట్టేశాను. తిరగేసి చూసే లోపలే గుమ్మం దగ్గర నుంచి అమ్మ గొంతు.

"అయ్యో, గొల్లభామ తలకిందులైందేందే! కుండల చల్లంత ఒలికిపాయె!"

నిజమే. ఒకవైపు భామలంతా నెత్తిన కుండతో నిలబడ్డారు, రెండోవైపు అందరూ కాళ్లు పైకి పెట్టారు. నిలువు బొమ్మలున్న బట్టను మడిస్తే అంతే అవుతుంది. నవ్వాగక అమ్మ లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది. కుట్లు విప్పి, మడత దగ్గర కోసి, ఒక ముక్కను తిప్పి అడుగున కలిపాం. అస్తరు ఒక సెంటీమీటరు పొట్టిదైంది. అదే మేలైంది. తోలుతో సమానంగా ఉంటే లోపల ముడతలు పడి ఉబ్బుతుందట.

బల్ల మీద, రంధ్రాలు పొడిచే కట్టెపిడి సూదిని చూసి అమ్మ అంది: "ఇది ఆరె గదనే. కోసేది రంపె. తోలు నానబెట్టే తొట్టి లంద. లందల తంగేడు చెక్క ఏస్తరు."

"తంగేడంటే బతుకమ్మ పువ్వే కదా?"

"ఆ చెట్టు చెక్కనే బిడ్డా. దానితోనే తోలు పదునైతది."

నా కూతురు తోలుకున్న చీటీ తిప్పి చూసింది, 'వెజిటబుల్ టాన్డ్' అని ఉంది, అంటే చెట్ల చెక్కలాంటి వాటితో పదును చేసిన తోలు. ఏటా ఇక్కడ తంగేడు దొరక్క బంతిపూలతో సరిపెట్టి, పువ్వు గురించి దానికి కథలు కథలుగా చెప్పాను. చెక్క సంగతి నాకే తెలియదు.

"ఇవన్నీ మీ ఊళ్లో ఎవరు చేసేవాళ్లు, అమ్మమ్మా?"

"మాదిగాయన ఉండె. మా నాయనకు కిర్రుచెప్పులు కుట్టేటోడు, మోటకు తోలుబొక్కెన కుట్టేటోడు. పంటలప్పుడు కల్లం కాడికొస్తే వడ్లు కొలిచేది."

"ఆయన పేరేంటి?"

అమ్మ ఆరెను చేతిలో తిప్పుతూ కూర్చుంది. "పేరు పెట్టి ఎవలు పిలిచిన్రు బిడ్డా! మా నాయన కంటె పెద్దోడు. అయినా పిల్లలం మేం గూడ అరేయ్ అనేది."

"అందుకేనా ఆ రోజు కంచం తీసుకొని లేచిపోయావు?"

అమ్మ నా వైపు చూసింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. మధ్యమధ్యలో ఇంగ్లీషులోకి దొర్లాను, ఆ భాషలో మన గురించి కాకుండా ఇంకెవరి గురించో చెప్తున్నట్టుంటుంది. అరటిచెట్టు చాటున దోసిట్లోకి నీళ్లు పోయడం చిన్నప్పుడు మా ఇంట్లోనే చూశాను. చెంబు ఎవరి చేతిలో ఉండేదని అడిగింది. ఒక్కోసారి నా చేతిలోనే అని చెప్పాను. అది సూదులు కింద పెట్టేసింది. ఆ సాయంత్రం ఇంకేం కుట్టలేదు.

రెండు రోజుల తర్వాత మామయ్యతో వీడియో కాల్‌లో అమ్మ, "మన చెప్పులు కుట్టినాయన పేరేందిరా?" అని అడగడం వంటింట్లోంచి విన్నాను. మామయ్యకూ తెలియదు. ఆ చెప్పులు కుట్టినాయన మనవడు జగిత్యాలలో టీచరట, కలిస్తే అడుగుతానన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు.

బ్యాగు అయిపోయినట్టే. పట్టీ మాత్రం పొడుగైంది, నడుస్తుంటే మోకాలికి తగులుతోంది. ఎక్కడ రంధ్రం పొడవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, భుజానికేసి నడిచి చూసి, చెరిపి మళ్లీ పెడుతోంది. అమ్మ పక్కన కూర్చొని "ఇంకో ఏలెడు పైకి" అంటోంది.