డల్లాస్ టెంట్, మేడారం దారి

అమెరికా నుంచి చుట్టాలు దిగారంటే సెలవులు ఎలా గడిచిపోతాయో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మొదట నిద్రలు సర్దుకోవడానికే నాలుగు రోజులు పోతాయి. తర్వాత పళ్ల డాక్టర్, జాకెట్లు కుట్టే టైలర్, రోజుకో ఇంట్లో భోజనం. మధ్యలో ఒక పూట చార్మినార్, ఇంకో పూట గోల్కొండ. పెద్దవాళ్లం కబుర్లలో పడిపోతాం. పిల్లలు సోఫాకి ఆ చివర ఇద్దరు, ఈ చివర ఇద్దరు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. వాళ్లకి కాస్త మాటలు కలిసేసరికి ఎయిర్‌పోర్టుకి బయల్దేరే టైమవుతుంది. ఇది నన్ను ఎప్పటినుంచో బాధపెడుతోంది. అందుకే ఈసారి క్రిస్మస్ సెలవులకి అక్కావాళ్లు డల్లాస్ నుంచి వస్తున్నారని తెలియగానే, భోజనాల పిలుపులు కొన్ని వద్దనేసి, అందరం కలిసి ఊరు దాటి పోయి టెంట్లలో ఉందామని పట్టుబట్టాను.

అక్క పిల్లలకి టెంట్ కొత్త కాదు. టెక్సస్‌లో స్టేట్ పార్కులకి పోయి రాత్రిళ్లు ఉండటం వాళ్లకి అలవాటే. నా పిల్లలే ఒక్కసారి కూడా ఆరుబయట పడుకుని ఎరగరు. ఎక్కడికి పోదామంటే బావ అనంతగిరి అన్నాడు, దగ్గర కదా అని. మా ఆయన నాగార్జునసాగర్ అన్నారు. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అడవి బాగుంటుంది కానీ రాత్రి తొమ్మిది దాటితే ఆ రోడ్డు మీద బండ్లని వదలరు. చిన్నపిల్లలతో ఆ టెన్షన్ ఎందుకనిపించింది. నేను ములుగు వైపే ఎంచుకున్నాను. రామప్ప, లక్నవరం, మేడారం మూడూ ఒకే దారిలో తగులుతాయి. పైగా అమ్మ పుట్టిల్లు పరకాల దగ్గర పల్లె. తన చిన్నప్పటి దారులు మనవలకి తనే చూపిస్తే బాగుంటుందనిపించింది.

టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. రెండు కార్లలో పోతే ఎవరి కుటుంబం వాళ్లదే అయిపోతుంది. అమ్మ ముందు సీట్లో, డ్రైవర్ అన్న పక్కన. అక్క, బావ, మా ఆయన, నేను మధ్యలో. వెనక సీటంతా పిల్లలకి వదిలేశాం. అక్క కొడుక్కి 14 ఏళ్లు, కూతురికి 9. మావాడికి 12, మా పాపకి 10. లక్నవరం హైదరాబాద్ నుంచి సుమారు 220 కిలోమీటర్లు. వరంగల్ మీదుగా పోయే 163వ నంబర్ జాతీయ రహదారే చివరిదాకా. పులిహోర, పెరుగన్నం, సర్వపిండి డబ్బాల్లో సర్దుకుని చీకటి ఉండగానే బయల్దేరాం. ఉప్పల్ ట్రాఫిక్ లేవకముందే ఘట్‌కేసర్ దాటేశాం.

భువనగిరి దగ్గర ఒకే బండ మీద నిలబడ్డ కోటని కిటికీలోంచే చూపించాం. జనగామ ముందు పెంబర్తిలో ఆగి, ఇత్తడి రేకుని సుత్తితో మెల్లగా కొట్టి పూలు, లతలు తేల్చే పని కాసేపు చూశాం. అమ్మ కళ్లు అక్కడ ఒక దీపపు సెమ్మె మీద పడ్డాయి. వచ్చేటప్పుడు కొందామని చెప్పి బండెక్కించాను.

ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకి తిరిగి పాలంపేట చేరాం. రామప్ప గుడికి కనీసం సగం రోజు పెట్టుకోవాలి. గంటలో చూసి ఫోటో దిగి వచ్చేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. మన తెలంగాణకి ఆ గుర్తింపు దొరకడం ఇదే మొదలు. గుడికి వచ్చిన ఆ పేరు, దాన్ని చెక్కిన శిల్పిదని అంటారు. రాజుల పేర్లు కాక పనివాడి పేరు నిలిచిన చోటు అని చెప్తే బావ చాలాసేపు ఆ మాటే తలుచుకున్నాడు.

అక్క కొడుకుని పట్టుకున్నవి మాత్రం ఇటుకలు. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. వాటి సాంద్రత నీటికంటే తక్కువ. పునాదిలో గుంత తవ్వి ఇసుక నింపి దాని మీద గుడి లేపారని, భూమి కదిలినా ఆ ఇసుక అదురుని తీసుకుంటుందని గైడ్ చెప్పాడు. మా ఆయన సివిల్ ఇంజినీర్. పై బరువు తగ్గిస్తే కింద ఎంత కలిసొస్తుందో ఇద్దరూ అరుగు మీద కూర్చుని కాగితం మీద గీతలు గీసుకున్నారు. మావాడు కూడా పక్కన చేరాడు. ఆడపిల్లలిద్దరూ చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికల దగ్గర, అంటే ఆడవాళ్ల శిల్పాల దగ్గర చిక్కుకుపోయారు. అందులో ఒకామె కాళ్లకి ఎత్తు మడమల చెప్పులున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి హీల్స్! అక్క కూతురు నేల మీద వెల్లకిలా పడుకుని మరీ చూసింది. రాయి ఎంత నునుపుగా ఉందంటే ఎదురుగా నిలబడితే నీడ తేలుతోంది. గుడి చుట్టూ అడుగున బారులు తీరిన ఏనుగుల్ని లెక్కపెడదామని మొదలుపెట్టి, ఏ రెండూ ఒక్కలా లేవని తేల్చుకుని తిరిగొచ్చారు. అప్పటికే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుస్తున్నారు.

బుస్సాపూర్ దగ్గర కుడికి తిరిగి లక్నవరం చేరేసరికి పొద్దు వాలుతోంది. కాకతీయుల కాలంలో కొండల మధ్య సందులకి కట్టలు కట్టి నిలిపిన చెరువు ఇది. మధ్యలో దీవులు, వాటికి వేలాడే వంతెన. మేం డబ్బులు కట్టి బుక్ చేసుకున్నవి మూడు టెంట్లు. అక్కడికి పోయాక రెండే ఇచ్చారు. ఎంత వాదించినా మూడోది లేదన్నారు. అక్క ఏమీ అనకుండా తన పెద్ద పెట్టె తెరిచింది. లోపల డల్లాస్ నుంచి తెచ్చిన ఆరుగురు పట్టే టెంట్ ఉంది! చాక్లెట్లు తగ్గించి దాన్ని సర్దుకొచ్చిందట. పిల్లలు ఎప్పటికైనా ఇక్కడ వాడుకుంటారని, పోయేటప్పుడు మా ఇంట్లోనే వదిలేద్దామని అనుకుందట. మా అక్క అంతే. ముందు చెప్పదు, సమయానికి తీస్తుంది.

ఆ టెంట్ వేసింది పిల్లలే. అక్క కొడుకు మాకెవరికీ చెయ్యి పెట్టనివ్వలేదు. ముందు నేల మీద చేత్తో తడిమి రాళ్లు, ముళ్లు ఏరేయించాడు. కింద పట్టా పరిచి, దాని అంచులు టెంట్ కిందకి మడిచాడు, మంచు నీళ్లు చేరకుండా. మేకులు కొట్టేటప్పుడు మావాడు నిటారుగా దించబోతే ఆపి, తల టెంట్‌కి ఎడంగా ఉండేలా ఏటవాలుగా పెట్టించాడు. అలా అయితే తాడు ఎంత లాగినా మేకు లేచి రాదు. మావాడు రాయితో కొట్టిన మొదటి మేకు వంకరపోయింది. దాన్ని తీసి, సాఫు చేసి, మళ్లీ కొట్టించాడు. నవ్వలేదు, విసుక్కోలేదు. మావాడికి ఇంట్లో మేం ఏం చెప్పినా చెవికెక్కదు. అన్న చెప్తుంటే మాత్రం ఊపిరి బిగబట్టి విన్నాడు.

క్యాంపు వెనక వంటమనిషి మూడు రాళ్ల పొయ్యి మీద నాటుకోడి కూర వండుతోంది. అమ్మ పోయి ఆమె పక్కన చేరింది. కాసేపటికి ఇద్దరూ ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు ఆరా తీసుకుని ఏదో వరస కలుపుకున్నారు. మాకోసం ఇనప తట్టలో చలిమంట వేశారు. నిప్పులు పడ్డాక అమ్మ కందగడ్డలు, అదే చిలగడదుంపలు, తెచ్చి బూడిదలో కప్పింది. పైతోలు నల్లగా మాడి, లోపల పచ్చగా, వేళ్లు కాలేంత వేడిగా ఉంటే ఊదుకుంటూ తిన్నారు పిల్లలు. మార్ష్‌మాలోల ప్యాకెట్ అక్క సంచిలోనే ఉండిపోయింది.

అప్పుడే బావ అన్నాడు, "అత్తయ్యా, ఈ వయసులో మిమ్మల్ని టెంట్లో పడుకోబెడుతున్నాం, ఇబ్బంది పడతారేమో" అని.

"ఏం కొత్త నాయనా ఇది? మేడారం జాతరకు బోతే గిట్లనే పండుకునేటోళ్లం" అంది అమ్మ.

ఆ మాటతో మొదలైంది. ఎడ్లబండ్ల మీద ఊరు ఊరంతా కదిలేదట. బండికింత గడ్డి, బియ్యం మూట, కోళ్లు. చీకటి పడితే ఎక్కడ వాగు కనిపిస్తే అక్కడ బండి విప్పేవాళ్లు. బండి కింద గడ్డి పరిచి, చలి రాకుండా చుట్టూ గొంగళ్లు వేలాడదీసి, లోపల పిల్లల్ని వరసగా పడుకోబెట్టేవాళ్లు. పెద్దలు బయట మంట దగ్గర కావలి. టెంట్లో పడుకోవడం అంటే నేను ఎక్కడినుంచో వచ్చిన సరదా అనుకుంటూ ఉండేదాన్ని. మా అమ్మ చిన్నతనంలో సగం సంబరం అదేనని ఇన్నేళ్లూ నేను అడగనే లేదు, తను చెప్పనూ లేదు.

తర్వాత మేడారంలో కొలిచే సమ్మక్క కథ చెప్పింది. అమ్మ తెలంగాణ మాట అక్క పిల్లలకి అందనిచోట మా పాప అందుకుని చెప్పింది. కరువొచ్చి కోయవాళ్లు కప్పం కట్టలేకపోవడం, ఓరుగల్లు నుంచి ప్రతాపరుద్రుడి సేన రావడం, సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ పోరులో ఒరిగిపోవడం, కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకడం, అందుకే అది జంపన్న వాగైంది. ఒంటినిండా గాయాలతో సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది, వెతికినవాళ్లకి కుంకుమ భరిణె దొరికింది.

అక్క కొడుకు కాసేపు ఊరుకుని, "పొద్దున చూసిన గుడి వాళ్లదేగా?" అన్నాడు.

నిజమే. రామప్ప గుడి గణపతిదేవుడి కాలంది. ఆయన కూతురు రుద్రమదేవి. ఆమె మనవడు ప్రతాపరుద్రుడు. గణపతిదేవుడికి మునిమనవడు. మా ఆయన మట్టిలో పుల్లతో ఆ వంశం గీసి చూపించారు. పిల్లవాడికి మింగుడు పడలేదు. అంత అందమైన గుడి కట్టించిన వంశం, కరువులో ఉన్నవాళ్ల మీదికి సేనని ఎలా పంపుతుంది?

"గుడి గట్టిండ్రు, చెరువు దవ్విండ్రు, పన్నూ అడిగిండ్రు" అంది అమ్మ. "చెరువు నీళ్లు ఇప్పటికీ తాగుతున్నం. సమ్మక్కకూ మొక్కుతున్నం."

ఆ రాత్రి అమ్మ పిల్లల టెంట్లోనే పడుకుంటానంది. మేమెంత చెప్పినా వినలేదు. పక్క గుంపువాళ్లు స్పీకర్ పెద్దగా పెడితే మా ఆయన వెళ్లి అడిగారు, తగ్గించారు. ఆ తర్వాత పిల్లల గుసగుసలు మాదాకా వినిపిస్తూనే ఉన్నాయి. ఒకసారి అందరూ జిప్పు తీసుకుని బయటికొచ్చారు. అమ్మ నడినెత్తిన గుంపుగా ఉన్న పిల్లలకోడి చుక్కల్ని చూపిస్తోంది. ఎన్ని కనిపిస్తున్నాయో నలుగురూ పోటీపడి లెక్కపెడుతున్నారు. ఒకరు ఆరంటే ఒకరు తొమ్మిదంటున్నారు. చలికి వణుకుతూనే నవ్వుకుంటున్నారు.

పొద్దున వేలాడే వంతెన, పడవ, కోతులు బ్రెడ్ ప్యాకెట్ ఎత్తుకుపోవడం అన్నీ అయ్యాయి. బొగత జలపాతం చూద్దామని బావ అన్నాడు కానీ దాని అందం వానాకాలంలో చూడాలి. దానికి బదులు తాడ్వాయి అడవి దారిలో మేడారం పోయాం. దారంతా టేకు, ఇప్ప, తునికి చెట్లు. అమ్మ ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలుస్తూ చూపించింది.

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి ఇక్కడ ఇసుకేస్తే రాలనంత జనం. మేం పోయినప్పుడు ఖాళీగా ఉంది. విగ్రహాలుండవు. గద్దెలు, వాటి మీద కొయ్య, పసుపు కుంకుమలు, అంతే. కన్నెపల్లి నుంచి సారలమ్మనీ, చిలకలగుట్ట నుంచి సమ్మక్కనీ గద్దెల మీదికి తెస్తారు, జాతర అయ్యాక మళ్లీ అడవికి సాగనంపుతారు. ఇక్కడ బెల్లమే బంగారం. మనిషి బరువుకి సరితూగే బెల్లాన్ని నిలువెత్తు బంగారమని ఇస్తారు. అమ్మ నలుగురు మనవల చేతుల్లోనూ తలో బెల్లం ముద్ద పెట్టి ఇప్పించింది. జంపన్న వాగులో నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. అక్క ప్యాంటు మడుచుకుని అమ్మ చెయ్యి పట్టుకుని దిగింది. బండ్లు ఎక్కడ విప్పేవాళ్లో అమ్మ అవతలి ఒడ్డు వైపు చూపించింది. ఇప్పుడక్కడ సిమెంటు మెట్లున్నాయి.

తిరుగు దారిలో పెంబర్తిలో అమ్మ సెమ్మె కొన్నాం. వెనక సీట్లో నలుగురూ జాతరకి రావాల్సిందేనని తీర్మానించేశారు. టెంట్ ఇక్కడే ఉంటుంది కదా అని మావాడి ధీమా. బావ ఫోన్లో క్యాలెండర్ తీశాడు. మాఘమాసం అంటే జనవరి, ఫిబ్రవరి. డల్లాస్ స్కూళ్లకి అప్పుడు అన్ని రోజులు సెలవులుండవు, తనకీ ఆఫీసులో దొరకడం కష్టం. ఘట్‌కేసర్ దాకా ఆ లెక్కలే నడిచాయి. బావ ఇంకా తేల్చలేదు. అక్క మాత్రం పిల్లల స్కూలుకి ఉత్తరం తనే రాస్తానంటోంది.