నెల సరుకుల్లో మన దేశానివి ఎన్ని? లేబుళ్ళు చదువుతూ వెళ్ళిన నా అనుభవం

విజయవాడలో మా ఇంటి నెల సరుకుల చీటీ రాసేది నేనే. కిందటి ఏడాది సంక్రాంతి వెళ్ళాక, వీలైనంతవరకు మన దేశంలో తయారైనవే కొనాలని మా వారూ నేనూ అనుకున్నాం. మొదటి వాదన పేస్టు దగ్గరే వచ్చింది. కోల్గేట్ అమెరికా కంపెనీ కదా, మానేద్దాం అన్నారాయన. నిజమే, కానీ ఆ కంపెనీకి తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉంది. అక్కడ జీతాలు తీసుకునేది మనవాళ్ళే అన్నాను. "లాభం అటే పోతుందిగా" అన్నారు. అదీ సబబే. చివరికి ఒక వరస పెట్టుకున్నాం: ముందు పంట ఎక్కడ పండింది, పని ఎక్కడ జరిగింది అని చూడాలి. ఆ రెండూ ఇక్కడే అయితే, తర్వాత యజమాని ఎవరో చూడాలి. ఆ లెక్కన సబ్బు సంగతి ఇట్టే తేలిపోయింది. మైసూర్ శాండల్ సబ్బు కర్ణాటక ప్రభుత్వ కంపెనీది, దాని మూలాలు 1916 నాటివి. అదే వాడుతున్నాం.

బార్‌కోడ్ 890తో మొదలైతే మన దేశపు సరుకని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. నమ్మకండి. ఆ నంబరును ఆ కంపెనీ మన దేశంలో తీసుకుందని మాత్రమే దానర్థం. 890 ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో 'ఇంపోర్టెడ్ బై' అని ఉండటం నేనే చదివాను. చూడాల్సింది ఆ చిన్న అక్షరాలనే. ప్యాకెట్ సరుకు మీద తయారుచేసినవాళ్ళదో దిగుమతి చేసుకున్నవాళ్ళదో పేరు, చిరునామా ఉండి తీరాలి. బయటి సరుకైతే ఏ దేశానిదో కూడా వేయాలి.

ఆన్‌లైన్‌లోనూ ఈ వివరం పెట్టాలి. నేను తెప్పించిన కత్తెరకు పేజీలో ఇండియా అని ఉంది, వచ్చిన పెట్టె మీద వేరే దేశం పేరుంది. తిప్పి పంపేశాను. (ఇలాంటివి జరిగితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు.) తర్వాత మీరట్ కత్తెర కొన్నాను. కాస్త బరువే, కానీ మొద్దుబారితే సాన పట్టించుకోవచ్చు.

అసలు టెన్షన్ వంటింట్లో మొదలైంది. మేం వాడే సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ మీద కాకినాడ చిరునామా ఉంది. చూస్తే మన నూనే అనిపిస్తుంది. కానీ అక్కడ జరిగేది శుద్ధి చేసి ప్యాక్ చేయడం. ముడి నూనె ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి ఓడల్లో వస్తుంది. పామాయిల్ అయితే ఇండోనేషియా, మలేషియాల నుంచి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఏలూరు వైపు పామాయిల్ తోటలు ఎన్నో ఉన్నా, దేశం వాడకానికి ఆ పంట ఏ మూలకూ చాలదు. ఈ సంగతి ప్యాకెట్ మీద ఎక్కడా కనపడదు.

వేరుశనగ గానుగ నూనెకు మారదామంటే మా బజారులో ధర దాదాపు రెట్టింపు. అందుకని తాలింపులకు, పచ్చళ్ళకు అది, వేపుళ్ళకు తవుడు నూనె అని పెట్టుకున్నాం. తవుడు మన రైసు మిల్లుల్లో వచ్చేదే, ధర కూడా మా బడ్జెట్‌కు అందుతుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరెందుకో నాకు అర్థం కాదు. అప్పడాలు, వడియాలు వేయించడం కూడా తగ్గించాం, ఖర్చు సర్దుబాటైంది.

కందిపప్పు ఇంకో చిక్కు. మొజాంబిక్, మయన్మార్, టాంజానియాల నుంచి కందులు మనకు వస్తాయి. మా కిరాణా కొట్టు బాబాయిని అడిగితే, "మిల్లులో పడ్డాక అంతా పప్పేనమ్మా, ఏ దేశపు కందులో నేనెట్లా చెప్పను?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. హైదరాబాద్‌లో ఉండే మా ఆడపడుచు వచ్చేటప్పుడు తాండూరు కందిపప్పు తెస్తోంది. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. పప్పు త్వరగా ఉడుకుతుంది, రుచి బాగుంటుంది. మినుములకైతే ఆ ఇబ్బంది లేదు. కృష్ణా డెల్టాలో వరి కోసిన మళ్ళలో పండినవి తెలిసిన రైతు దగ్గరే తీసుకుంటున్నాం.

బట్టల దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. మంగళగిరిలో మా మేనత్త వాళ్ళ వీధిలో ఒకప్పుడు ఇంటింటా మగ్గం ఆడేది, ఇప్పుడు వెతుక్కోవాలి. చీరలు, డ్రెస్ మెటీరియల్ అక్కడి నేతన్నల సొసైటీలోనే, చేనేతేనని తెలిపే హ్యాండ్లూమ్ మార్క్ చూసి కొంటున్నాను. పోచంపల్లి కొనేవాళ్ళకు ఒక మాట: బట్ట తిప్పి చూడండి. నూలుకు ముందే రంగులు అద్ది నేస్తారు కాబట్టి డిజైన్ రెండువైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన నకిలీకి వెనకవైపు వెలిసినట్టుంటుంది.

మొబైల్, చార్జర్ల జోలికి వెళ్ళలేదు. లోపలి భాగాలు ఎక్కడివో తేల్చడం నా వల్ల కాదు. ఇంగువ సంగతి వేరు. దాని ముడిసరుకు ఎప్పటినుంచో అఫ్ఘానిస్తాన్, ఇరాన్‌ల నుంచి వచ్చేదే, ఇక్కడ పిండి కలిపి డబ్బాల్లో పెడతారు. 2020లో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఇంగువ మొక్కలు నాటించారు. ఆ పంట మా బజారుకు వచ్చేదాకా పులిహోరకు పాత డబ్బానే.