హెర్పిస్ పుండులో అమీబా కూడా ఉందా? మేం పరీక్షించే వరస

నల్లగుడ్డు మీద కొమ్మల్లా చీలిన పుండు కనబడితే ముందు మేమూ హెర్పిస్ (వైరస్ వల్ల వచ్చే పుండు) అనే అనుకుంటాం. హెర్పిస్ మందైన అసైక్లోవిర్ 3 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు 5 సార్లు చొప్పున వారం, పది రోజులు పెట్టినా పుండు మానకపోతే, పుండు చిన్నదైనా నొప్పి భరించలేనంతగా ఉంటే, కంట్లో బురద గానీ చెరువు నీళ్లు గానీ పడ్డాయా అని అడుగుతాం. మట్టిలో, నీళ్లలో ఉండి కంటికి సోకే అమీబా పేరు అకాంతమీబా. అది కాంటాక్ట్ లెన్సుల వాళ్ల జబ్బని పేరు. మన దగ్గర అది వచ్చేవాళ్లలో ఎక్కువమంది అసలు లెన్సులే వాడనివాళ్లు.

మత్తు చుక్క వేయకముందే దూదిని సన్నటి పోగులా లాగి నల్లగుడ్డుకు తాకించి, రెండో కంటితో పోల్చి స్పర్శ చూస్తాం. చుక్క పడ్డాక ఇక ఆ పరీక్ష లేనట్టే. స్పర్శ తగ్గితే హెర్పిస్ అనుమానం బలపడుతుంది గానీ, నరాల వెంట పాకిన అమీబా కూడా ఆ పని చేస్తుంది. పుండును చూపే రంగు చుక్క ఫ్లోరెసిన్ వేసి చూస్తే హెర్పిస్ కొమ్మల చివర బుడిపెలుంటాయి, అమీబా గీతలకు సాధారణంగా ఉండవు. రోజ్ బెంగాల్ అనే మరో రంగు మాత్రం నమూనా తీశాకే. ముందే వేస్తే పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చెడుతుంది.

0.5 శాతం ప్రొపారకైన్ మత్తు చుక్క వేసి, 15 నంబరు బ్లేడుతో పుండు అంచునూ అడుగునూ గీకుతాం. దొరికేది గోరు మీద నిలిచేంత కూడా ఉండదు, కాబట్టి ఏది దేనికో ముందే తేల్చుకోవాలి. పీసీఆర్‌కు పాలిస్టర్ స్వాబే వాడతాం. కాల్షియం ఆల్జినేట్‌ది పనికిరాదు. ఒక స్లయిడు మీద 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్), మెరిసే రంగు కాల్కోఫ్లోర్ వైట్ వేసి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో చూస్తే, అమీబా గట్టి గోడ కట్టుకుని ముడుచుకున్న రూపాలైన రెండు గోడల తిత్తులు నీలంగా మెరుస్తాయి. లోపలి గోడ మూలలు తేలి, బయటిది ముడతలు పడి ఉంటుంది. చచ్చిన కణాలను తిత్తులని పొరబడేది ఇక్కడే, ఆ రెండో గోడ కనబడేదాకా ఖాయం చేయం.

ఇంకొంత నమూనా ఈ.కోలి బ్యాక్టీరియా పొర పరిచిన నాన్ న్యూట్రియంట్ అగార్ (పోషకాలు లేని జెల్లీ ప్లేటు) మీద వేస్తాం. 30 డిగ్రీల దగ్గర ఉంచి, ప్లేటు ఎండకుండా అంచు టేపుతో మూసి, రోజూ చిన్న పవరులో చూస్తాం. బ్యాక్టీరియాను తింటూ అమీబా పోయిన దారి గీతల్లా తేలుతుంది. 2 వారాలు ఆగకుండా ‘లేదు’ అని రాయం.

హెర్పిస్ పీసీఆర్ పాజిటివ్ వచ్చిందని అమీబాను వదిలేయకూడదు. జబ్బు లేనప్పుడు కూడా ఆ వైరస్ కన్నీళ్లలో అప్పుడప్పుడు ఊరుతుంటుంది. రెండూ తేలేదాకా స్టెరాయిడ్ చుక్కల జోలికి పోం. చీటీలో అకాంతమీబా అని విడిగా రాస్తాం, రాయకపోతే చాలా ల్యాబుల్లో ఆ ప్లేటే పెట్టరు.