మూకీ బెట్స్‌ని వదులుకోవడం ముందుచూపా?

2020 ఫిబ్రవరిలో అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ తన స్టార్ ఆటగాడు మూకీ బెట్స్‌ని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకి ఇచ్చేయడం ముందుచూపే అని వాదించేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను ఒప్పుకోను. అది డబ్బు మిగుల్చుకోవడమే.

వాళ్ల మాటలో పస లేకపోలేదు. ఆ సీజన్‌తో బెట్స్ కాంట్రాక్ట్ అయిపోతుంది, తర్వాత ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు, కాబట్టి ఊరికే పోగొట్టుకునే బదులు ముందే ట్రేడ్ చేసి ముగ్గురు కుర్రాళ్లని తెచ్చుకోవడం మంచిదే. మరి అదే ట్రేడ్‌లో డేవిడ్ ప్రైస్‌ని ఎందుకు కలిపారు? 34 ఏళ్ల పిచర్ (బంతి విసిరేవాడు), ఇంకా మూడేళ్లకి 9.6 కోట్ల డాలర్లు ఇవ్వాలి, అందులో సగం బోస్టనే కట్టడానికి ఒప్పుకుంది. ఆ జీతం వదిలించుకోవడానికి బెట్స్‌కి రావాల్సిన ధరలో కోత పెట్టుకున్నారు. అప్పటికే వరసగా రెండేళ్లు లగ్జరీ ట్యాక్స్ గీత (ఆటగాళ్ల జీతాల మొత్తం దాటితే పన్ను పడే పరిమితి) దాటారు, మూడోసారి దాటితే పైమొత్తం మీద 50 శాతం పన్ను, ఒక్క ఏడాది జీతాలు 20.8 కోట్ల డాలర్ల లోపు ఉంటే మళ్లీ 20 శాతం నుంచి మొదలు. అసలు కథ అదీ.

పైగా బెట్స్‌కి అప్పుడు 27 ఏళ్లు! డాడ్జర్స్ జులైలోనే 12 ఏళ్లకి 36.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు, అదే ఏడాది బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచారు.

జాగ్రత్త అంటే 2022 మార్చిలో అట్లాంటా బ్రేవ్స్ చేసింది. జట్టుకి ప్రాణంలాంటి ఫ్రెడ్డీ ఫ్రీమన్‌ని 32 ఏళ్ల వయసులో వదులుకున్నారు, అభిమానులకి కడుపు మండింది, కానీ ఓక్లాండ్ నుంచి మ్యాట్ ఓల్సన్‌ని తెచ్చిన మర్నాడే అతనికి 8 ఏళ్లకి 16.8 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఫ్రీమన్‌కి డాడ్జర్స్ ఇచ్చింది ఆరేళ్లకి 16.2 కోట్లు. ఏడాది లెక్కన బ్రేవ్స్‌కి తక్కువే పడింది గానీ, డబ్బు మాత్రం మళ్లీ ఫ్రీమన్ ఆడిన ఫస్ట్ బేస్ స్థానం మీదే పెట్టారు. 2023లో ఓల్సన్ 54 హోమ్ రన్లు కొట్టాడు. ఫ్రీమన్ 2024 వరల్డ్ సిరీస్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు కాబట్టి వాళ్ల అంచనా పూర్తిగా ఫలించిందని అనలేం, అయినా అది ఆట గురించి వేసిన అంచనా.

బోస్టన్ 2021లో బాగానే ఆడింది, వరల్డ్ సిరీస్‌కి ముందు మెట్టయిన అమెరికన్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది, కాదనను. కానీ 2020, 2022, 2023లో తన డివిజన్‌లో (లీగ్‌లోని చిన్న గ్రూప్‌లో) ఆఖరు. బెట్స్ కోసం వచ్చిన ముగ్గురిలో జీటర్ డౌన్స్ 2022లో, వెర్డూగో 2023లో జట్టుకి దూరమయ్యారు, మిగిలింది కానర్ వాంగ్ ఒక్కడే.